రేవు ఎవరిది?

1996 మార్చి 8న మన సంఘాల పెద్దలు ఊరూరా మహిళా దినోత్సవ సభల్లో ఉన్నారు. సారా వ్యతిరేక పోరాటం ఇంకా వెచ్చగా గుర్తున్న రోజులవి. సరిగ్గా అదే రోజు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నెంబరు జీవో విడుదల చేసింది. హైదరాబాదుకి తాగునీళ్ళిచ్చే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల పరిధిలో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు రాకూడదని ఆ ఉత్తర్వు సారాంశం. తేదీ కలవటం కాకతాళీయమే. కానీ ఆ జీవోని చదివిన ప్రతిసారీ మాకొక లోటు కనిపిస్తుంది. అందులో ఫ్యాక్టరీ ఉంది, హోటలుంది, లేఅవుటుంది, మురుగుంది. నీళ్ళ దగ్గరికి రోజూ నడిచి వచ్చే మనిషి మాత్రం లేదు. ఆ మనిషి ఎక్కువసార్లు స్త్రీ అని ఈ పత్రిక పాఠకులకి వేరే చెప్పనక్కర్లేదు.

హైదరాబాదు నుంచి చేవెళ్ళ పోయే రోడ్డు మీద, మొయినాబాదు మండలంలో ఉన్న అజీజ్‌నగర్ ఈ 84 గ్రామాల్లో ఒకటి. ఒక పక్క ఉస్మాన్ సాగర్, ఇంకో పక్క హిమాయత్ సాగర్. రెండు పెద్ద జలాశయాల నడుమ ఉన్న ఊరికి నీళ్ళు కంటికి దగ్గర, కాలికి దూరం. రోడ్డు దిగి హిమాయత్ సాగర్ వైపు నడిస్తే ముందు కనిపించేవి నీళ్ళు కావు, గోడలు. ఫామ్‌హౌసుల గోడలు, ఫంక్షన్ హాళ్ళ గోడలు, కాలేజీల గోడలు. గోడకీ గోడకీ మధ్య మిగిలిన సందే దారి. ఆ సందులోనే గొర్రెలు, బర్రెలు, నెత్తిన మూటతో ఆడవాళ్ళు. (గేటు దగ్గర ఆపే వాచ్‌మన్ కూడా ఏ పాలమూరు నుంచో బతకటానికి వచ్చినవాడే. అతని మీద కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు.) ఈ ప్రాంతపు గ్రామాల్లో నడివయసు దాటిన ఏ స్త్రీతో మాట్లాడినా, చిన్నప్పుడు నీళ్ళకాడికి పోయిన బాట ఒకటి చెయ్యి చాపి చూపిస్తుంది. ఇప్పుడు ఆ చేతికెదురుగా గోడ ఉంటుంది.

ఈ సంచికలో మేం మాట్లాడదలచుకున్నది ఆ బాట గురించి, ఆ బాట చివర ఉండే రేవు గురించి.

రేవు అంటే పడవ కట్టేసే చోటనే అర్థం చెప్పుకుంటాం. మన ఊళ్ళలో రేవు ఒక్క పనికి పరిమితం కాదు. తెప్ప దింపేది అక్కడే, పుట్టి బోర్లించి ఆరబెట్టేది అక్కడే, వల ఉతికేది, చేపలు గంపలకెత్తేది, బర్రెల్ని కడిగేది, బట్టలుతికేది, బతుకమ్మని సాగనంపేది అన్నీ అక్కడే. నాలుగడుగుల వాలు నేల, కాలు జారకుండా రెండు బండలు ఉంటే చాలు. రికార్డుల్లో ఆ నేలకి సొంత పేరుండదు, శిఖం భూమిలో కలిసిపోయి ఉంటుంది. సర్వే నెంబరు లేని ఆస్తి కనుక దాన్ని ఎవరూ కొనలేరు. ఆ కారణంగానే దాన్ని ఎవరైనా మూసెయ్యగలరు. మూసేసినప్పుడు ఫలానాది పోయిందని కోర్టుకి చూపించటానికి ఆ ఆడవాళ్ళ దగ్గర కాగితం ఉండదు.

చరిత్ర కొంచెం గుర్తుచేసుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరంలో వేలమందిని పొట్టనపెట్టుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద నిజాం ప్రభుత్వం మూసీ మీద ఉస్మాన్ సాగర్‌ని 1920 నాటికి, ఈసీ మీద హిమాయత్ సాగర్‌ని 1927 నాటికి కట్టించింది. ఒకటి నిజాం పేరు, ఇంకొకటి ఆయన పెద్ద కొడుకు పేరు. వరద నుంచి నగరానికి రక్షణ, నగరానికి తాగునీళ్ళు: మొదటినుంచీ ఈ జలాశయాల లెక్క నగరం వైపు నుంచే. ఒడ్డున ఉన్న ఊళ్ళు ఆ లెక్కలో పరీవాహక ప్రాంతం మాత్రమే.

హిమాయత్ సాగర్ పూర్తయిన ఆ 1927లోనే, మార్చి 20న, మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ వెంట దళితులు చవదార్ చెరువులో దిగి నీళ్ళు తాగారు. ఆ చెరువు అందరిదీ అని మహాడ్ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానించింది. తీర్మానం మూడేళ్ళు కాగితం మీదే ఉండిపోయింది. నీళ్ళ మీద హక్కు ఉందని చెప్పటానికీ, ఒడ్డు దాకా నడవనివ్వటానికీ మధ్య ఎంత దూరముంటుందో ఆ మూడేళ్ళు చెప్తాయి. మనకింత దూరం కూడా పోనక్కర్లేదు. 1985 జులైలో కారంచేడులో దళితులు తాగే చెరువు దగ్గర కుడితి బకెట్టు కడుగుతుంటే అభ్యంతరం చెప్పింది మున్నంగి సువార్త అనే స్త్రీ. ఆమె చేతిలో ఉన్నది నీళ్ళ బిందె. ఆ మర్నాడు, 17వ తేదీన, ఆరుగురు దళితుల్ని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. కారంచేడు గురించి కులం దృష్టితో చాలా రాశాం, రాయాల్సిందే. అది ఒక చెరువు గట్టున, నీళ్ళకి వచ్చిన స్త్రీ తన హక్కు నోరు తెరిచి చెప్పిన చోట మొదలయిందన్న సంగతి మాత్రం మనమే అప్పుడప్పుడు మర్చిపోతుంటాం. ఎవరు ఏ మెట్టు మీద నిలబడాలో, ఎవరి తర్వాత ఎవరు ముంచుకోవాలో రేవులో రాయని చట్టముంటుంది. కనుక పాత రేవు మంచిదనీ, అది తిరిగొస్తే చాలుననీ మేం అనటం లేదు.

ఇక చట్టం సంగతి. ఈ రెండు జలాశయాల విషయంలో సుప్రీంకోర్టు గట్టిగానే నిలబడింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ఎం.వి. నాయుడికీ మధ్య నడిచిన కేసులో, 1999లోనూ 2000లోనూ ఇచ్చిన తీర్పుల్లో, పది కిలోమీటర్ల నిషేధం నుంచి ఒక నూనె కంపెనీకి ఇచ్చిన మినహాయింపు చెల్లదంది, తాగునీళ్ళు జీవించే హక్కులో భాగమంది. అంతకుముందే కమల్‌నాథ్ కేసు తీర్పులో, నదులూ తీరాలూ ప్రభుత్వం సొంత ఆస్తి కాదనీ, ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే వాటిని పట్టుకుని ఉంటుందనీ చెప్పింది. తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లో అదే సూత్రాన్ని మన చెరువులకీ వర్తింపజేసింది. మంచి తీర్పులే. ఎన్నో ధర్నాల్లో వాటిని చేతబట్టుకుని మాట్లాడాం. అయితే ఆ ధర్మకర్త ఎవరి కోసం పట్టుకుని ఉన్నాడు? ప్రజలంటే నగరంలో కుళాయి తిప్పే వినియోగదారేనా, ఒడ్డున తెప్ప దింపే మనిషి కూడానా? ఆ ప్రశ్నకి తీర్పుల్లో సూటి జవాబు దొరకదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం అడవిలో బతికేవాళ్ళకి నీటివనరుల మీద, వాటిలోని చేపల మీద సామూహిక హక్కుందని స్పష్టంగా రాసింది. అడవి గీత దాటి మొయినాబాదు వస్తే ఆ వాక్యానికి సాటివచ్చే వాక్యం ఏ చట్టంలోనూ లేదు.

పర్యావరణ మిత్రులతో ఇక్కడ మాకొక పేచీ ఉంది. 111 జీవో నిలవాలని వాళ్ళు చేసిన పోరాటంలో మనమూ ఉన్నాం. కానీ ఆ జీవో ఎత్తెయ్యాలని అడిగినవాళ్ళలో రియల్ ఎస్టేటువాళ్ళే లేరు, ఆ 84 గ్రామాల మామూలు రైతులూ ఉన్నారు. ఎందుకున్నారు? జీవో వాళ్ళకిచ్చింది నిషేధం ఒక్కటే. పొలానికి ధర రాదు, కాపాడిన నీళ్ళ మీద వాటా లేదు, వేట మీద హక్కు లేదు, ఒడ్డు మీద మాట లేదు. అదే సమయంలో ఫామ్‌హౌసు గోడ మాత్రం లేస్తూనే ఉంది. నష్టం తమకి, నీళ్ళు నగరానికి అయినప్పుడు ఆ ఉత్తర్వుకి ఊళ్ళో కాపలా ఎవరుంటారు? 2022 ఏప్రిల్ 12న 69 నెంబరు జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలు సడలించినప్పుడు, నగరం నీటి అవసరాల్లో ఈ జలాశయాలది 1.25 శాతం లోపేనన్న మాట చెప్పింది. కృష్ణా గోదావరుల నీళ్ళు వచ్చాయి కనుక వీటి అవసరం తీరిందని. ఒడ్డున ఉన్న స్త్రీలకి ఆ నీళ్ళు ఎంత శాతమో ఎవరూ లెక్కెయ్యలేదు. అసలు ఆ లెక్క ఉండాలని కూడా ఎవరికీ తోచలేదు. పొలాలు అమ్ముకున్న ఇళ్ళలో పట్టా ఎవరి పేరనుంది, డబ్బు ఎవరి చేతికొచ్చింది అనేది ఇంకో సంపాదకీయం.

బట్టల సబ్బు నురగ, పశువుల పేడ తాగునీటిలో కలవకూడదు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కలవకూడదు. గట్టుకి ఎగువన ఉతుకుడు బండలు వేసి, ఆ నీళ్ళు ఇంకుడు గుంతలోకి పోయే ఏర్పాటు చెయ్యటం కష్టమేమీ కాదు. అంతకంటే ఎన్నో రెట్లు మురుగు కాలేజీల నుంచి, హోటళ్ళ నుంచి, కాలనీల నుంచి వాగులు పట్టుకుని దిగుతుంటే, బోర్డు మీద రాసేది మాత్రం బట్టలుతకరాదు, ఈదరాదు అని. పైపులో పోయే మురుగు కంటపడదు, మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగిన స్త్రీ పడుతుంది.

చేపల సంగతికి వద్దాం. రేవు అడిగేవాళ్ళలో జీవనం దాని మీదే ఉన్నవాళ్ళు వీళ్ళు. మన రాష్ట్రంలో చెరువుల్ని మత్స్య సహకార సంఘాలకి లీజుకిస్తారు, పెద్ద జలాశయాల్లో లైసెన్సు పద్ధతి. సంఘ సభ్యత్వానికి నైపుణ్య పరీక్ష ఉంటుంది: ఈత రావాలి, వల విసరటం రావాలి, అల్లటం రావాలి. చూడటానికి ఎవరిమీదా వివక్ష లేని పరీక్ష. ఎనిమిదో ఏట నుంచి చెరువు దగ్గరికి పోవద్దని కట్టేసిన ఆడపిల్లకి ఈత ఎప్పుడొస్తుంది? వల అల్లి, చిరుగులు కుట్టి, తెల్లవారుజామున గంప దింపుకుని, మంచు పోసి, బస్సెక్కి, కూడళ్ళలో కూర్చుని అమ్మే స్త్రీ ఈ లెక్కలో మత్స్యకారిణి కాదు, మత్స్యకారుడి భార్య. మహిళా మత్స్య సంఘాలు లేకపోలేదు. వాటికి దక్కేది అమ్మకం, సంచార వాహనం, వంటకాల స్టాలు. నీళ్ళ మీద వాటా మగవాళ్ళ సంఘానిదే. ఇంటిపనికి బజారు దాకా పొడిగింపు వచ్చిందంతే. 2016 నుంచి ఉచితంగా చేపపిల్లల్ని చెరువుల్లో వదిలే పథకం నడిచింది. పిల్లలు ప్రభుత్వానివి, నీళ్ళు ప్రభుత్వానివి, పట్టుబడి సంఘానిది. ఇందులో ఆమె పేరెక్కడుందో చూపించమని జిల్లా మత్స్యశాఖ అధికారుల్ని అడగండి.

స్త్రీలు చేపలు పట్టరనేది కూడా నిజం కాదు. నెల్లూరు ప్రాంతంలో, పులికాట్ అంచుల్లో యానాది స్త్రీలు లోతులేని నీళ్ళలో దిగి చేతులతోనే చేపలూ రొయ్యలూ పడతారు. దానికి పడవ అక్కర్లేదు, లైసెన్సు పుస్తకంలో గడీ కూడా లేదు. పడవనీ వలనీ మాత్రమే లెక్కపెట్టే చోట చేతులు లెక్కలోకి రావు. ఇక పడవ సంగతైతే, ముట్టయిన స్త్రీ పడవనీ వలనీ తాకకూడదన్న కట్టుబాటు మన కోస్తాలో చాలాచోట్ల వినిపిస్తుంది. తాకకూడనిది తాకనివ్వకపోవటానికి ఊరి ఆచారం ఒక పక్క, శాఖ నిబంధన ఇంకో పక్క.

ఈ మాటల మధ్య హుసేన్ సాగర్ గుర్తొస్తుంది. అక్కడ యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో పేదింటి పిల్లలకి, ఆడపిల్లలతో సహా, తెరచాప పడవలు నడపటం నేర్పిస్తున్నారు. వాళ్ళలో జాతీయ స్థాయి పోటీలకి వెళ్ళినవాళ్ళున్నారు. మాకు సంతోషమే. నీళ్ళంటే ఆడపిల్లకి భయం పుట్టుకతో రాదని ఆ పిల్లలు రుజువు చేశారు. హుసేన్ సాగర్‌లో పడవ నడిపే అమ్మాయికి పతకం వస్తుంది, హిమాయత్ సాగర్‌లో తెప్ప మీదకెక్కే అమ్మాయికి చీవాట్లు వస్తాయి. రెండు పడవల మధ్య తేడా అల్లా ఒకటి ఆట, ఒకటి కూడు.

బతుకమ్మని చూడండి. 2014లో దాన్ని రాష్ట్ర పండుగ చేశారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో బాగుచేసిన చెరువుల దగ్గర చాలాచోట్ల బతుకమ్మ ఘాట్లు కట్టారు, మెట్లు వేశారు, దీపాలు పెట్టారు. పోలీసు బందోబస్తు, గజ ఈతగాళ్ళు. అంటే స్త్రీలు నీళ్ళ దగ్గరికి వస్తారనీ, వాళ్ళకి మెట్లూ వెలుతురూ భద్రతా కావాలనీ ప్రభుత్వానికి తెలుసు. తొమ్మిది రోజులు తెలుసు. పూలు తెచ్చినప్పుడు ఆమె ఆడబిడ్డ, గంప తెచ్చినప్పుడు అక్రమ ప్రవేశకురాలు. ఆ మెట్లే ఏడాది పొడవునా తెరిచి ఉంచి, పక్కన పడవ దిగే వాలు ఒకటి, మరుగుదొడ్డి ఒకటి, ఎండకి నీడ ఒకటి కలిపితే మేమడిగే రేవు దాదాపు తయారయినట్టే.

మెట్లూ దీపాలూ చిన్న విషయాలుగా అనిపించవచ్చు. 2018 జులై 14న అప్పటి తూర్పు గోదావరి జిల్లా పశువుల్లంక దగ్గర నాటుపడవ బోల్తా పడినప్పుడు గల్లంతయినవాళ్ళలో ఎక్కువమంది బడి నుంచి ఇంటికి పోతున్న ఆడపిల్లలు. లంకల్లో పడవ విహారం కాదు, బడికి దారి. ఆ దారికి రెండు చివర్లా సరైన రేవుండాలని, పడవలో ఒంటికి తొడుక్కునే జాకెట్టుండాలని అడగటానికి పిల్లలు మునగాలా?

మన బంధువులు చాలామంది అమెరికాలో ఉన్నారు కనుక అక్కడి సంగతి ఒకటి. అక్కడి సరస్సుల ఒడ్డున చాలా భూమి ప్రైవేటు ఇళ్ళదే. అయినా ఒడ్డున గజం నేల లేనివాళ్ళు కూడా పడవ దింపుకునేందుకు రాష్ట్ర ప్రభుత్వాలు ప్రజా రేవులు నడుపుతాయి. చేపలవేట సామాన్ల మీద, మోటారు పడవల ఇంధనం మీద వసూలైన పన్నులో కొంత వాటా ఇలాంటి రేవులకి తప్పనిసరిగా ఖర్చుపెట్టాలని 1984లో అక్కడి చట్టానికి సవరణ తెచ్చారు. అక్కడంతా బాగుందని కాదు. నల్లజాతివాళ్ళని వేరుపెట్టిన స్నానఘట్టాలు చెల్లవని చెప్పించుకోటానికి 1955 దాకా కోర్టుల్లో పోరాడాల్సివచ్చింది. మనం నేర్చుకోదగింది ఒకటుంది: ఒడ్డు అమ్ముడుపోయినా నీళ్ళు అమ్ముడుపోలేదని గుర్తించి, ఆ నీళ్ళకి దారి ఉంచటం ప్రభుత్వం బాధ్యతని బడ్జెట్లో రాయటం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఒడ్డు గీత ఇప్పుడే గీస్తున్నారు. 2022 అక్టోబరులో గండిపేట దగ్గర పార్కు ప్రారంభించారు, కొత్వాల్‌గూడలో హిమాయత్ సాగర్ పక్కనే ఎకో పార్కుకి శంకుస్థాపన చేశారు. 2024లో ఏర్పడ్డ హైడ్రా ఆ ఆగస్టులో ఉస్మాన్ సాగర్ పరిధిలో ఖానాపూర్, చిలుకూరు దగ్గర కట్టడాలు కూల్చింది. మూసీ ప్రక్షాళన మొదటి దశ ఈ రెండు జలాశయాల దగ్గర మొదలై, మూసీ ఈసీ కలిసే బాపూఘాట్ దాకా. 2025 సెప్టెంబరులో గోదావరి నీళ్ళని ఈ జలాశయాలకి తెచ్చే పథకానికి పునాదిరాయి వేశారు. పూర్తి నీటిమట్టం ఎక్కడిదాకా అనే హద్దురాళ్ళు, కంచెలు, నడక బాటలు, పడవ విహారపు జెట్టీలు అన్నీ ఈ పనుల్లోనే తేలతాయి. గోడ కూలినచోట కంచె లేస్తే అజీజ్‌నగర్ స్త్రీకి తేడా ఏమిటి? ఫామ్‌హౌసు గేటు పోయి టిక్కెట్టు కౌంటరు వస్తే? టిక్కెట్టు కొనగలిగినవాళ్ళకి నీళ్ళు చూపించే పార్కుని మేం వద్దనం, నగరంలో ఊపిరాడని ఆడవాళ్ళకి అదీ కావాలి. కానీ ఆ నమూనాపటం మీద రేవు అనే మాట ఉందా అని అడగాలి.

మన వాళ్ళు ఈ మూడు నెలల్లో చెయ్యగల పనులు కొన్నున్నాయి. జలాశయం ఒడ్డు ఊళ్ళలో పనిచేసే సంఘాలు స్త్రీలతో కలిసి నడిచి, నీళ్ళకి పోయే పాత బాటలు, మూతపడినవీ తెరిచి ఉన్నవీ, పటం గియ్యండి. ముసలమ్మల్ని వెంటబెట్టుకుని పొండి, వాళ్ళకి తెలిసినంత రెవెన్యూ రికార్డులకి తెలియదు. కులాలవారీగా ఎవరి రేవు ఎక్కడుండేదో దాచకుండా రాయండి, కొత్త రేవు అందరికీ ఒక్కటే కావాలని అడగటానికి అది అవసరం. ఆ పటాన్ని గ్రామసభలో, మున్సిపాలిటీ అయితే వార్డు సభలో తీర్మానంగా పెట్టండి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో చేపల పెంపకం, నీటి యాజమాన్యం పంచాయతీల విషయాలే, మన సర్పంచుల్లో సగం మంది స్త్రీలే. సమాచార హక్కు దరఖాస్తుతో మత్స్యశాఖని రెండే ప్రశ్నలడగండి: మీ జిల్లాలో లైసెన్సుల్లో స్త్రీల పేరున ఎన్ని, సంఘాల్లో సభ్యులైన స్త్రీలెందరు. భారత ప్రభుత్వం 1993లో ఆమోదించిన సీడా ఒప్పందంలోని పద్నాలుగో అధికరణం గ్రామీణ స్త్రీలకి అభివృద్ధి ప్రణాళికల తయారీలో పాల్గొనే హక్కు ఇస్తుంది. మూసీ ప్రజాభిప్రాయ సేకరణలకి అది పట్టుకుపోండి.

పటాలు, జవాబులు వచ్చినవి వచ్చినట్టు పత్రికకి పంపండి. చేత్తో గీసినవైనా సరే. జవాబు రాకపోతే ఏ తేదీన అడిగారో, ఎన్నిసార్లు తిరిగారో రాయండి, అదీ వేస్తాం. అజీజ్‌నగర్ వైపు ఊళ్ళ పటంతో మొదలుపెట్టాలని మా ఆలోచన. వానాకాలంలో నీళ్ళు మట్టానికి వచ్చాక ఒడ్డు ఎక్కడో స్పష్టంగా తెలుస్తుంది కనుక, నడక ఆ నెలల్లో పెట్టుకోవటం మంచిది.